ఒక్కో పెళ్లికి 570 రూపాయలు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. వయసు 43. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను, ఇంటి ముందు గదిలోనే చిన్న స్టూడియో. 2016లో 1,20,000 రూపాయలకు కొన్న డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా పోయిన నెల తిరుచానూరులో ఒక రిసెప్షన్ మధ్యలో ఆగిపోయింది. లోపలి అద్దం పైకి లేచి అక్కడే ఇరుక్కుంది. చెన్నైలో చూపిస్తే షట్టర్ (క్లిక్కు నొక్కగానే తెరుచుకుని మూసుకునే తెర), అద్దం కదిపే యంత్రం రెండూ మార్చాలన్నారు. ఖర్చు 24,000, గడువు మూడు వారాలు, మూడు నెలల గ్యారంటీ. షట్టర్ 2,10,000 సార్లు పడిందట. కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా 1,80,000, నెలకు 15,000 చొప్పున పన్నెండు నెలలు వడ్డీ లేకుండా కట్టవచ్చని దుకాణంలో చెబుతున్నారు. నగదుగా ఇస్తే 1,68,000. బిల్లు లేకుండా 1,45,000కు ఇస్తామని మరొకరు అంటున్నారు.

ఏడాదికి పద్దెనిమిది పెళ్లిళ్లు వస్తాయి. ఒక్కో దానికి 30,000 తీసుకుంటే ఆల్బమ్, సహాయకుడి ఖర్చులు పోను 16,000 మిగులుతుంది. నా భార్య కుట్టుపని మీద నెలకు 9,000 సంపాదిస్తుంది. ఇంటి ఖర్చు 28,000. బ్యాంకులో 1,40,000 డిపాజిట్, పన్నెండు సవర్ల బంగారం ఉన్నాయి. రిజిస్టరైన సంస్థలో 3 లక్షల చీటీ వేశాను, ముప్పై నెలల్లో పద్నాలుగు కట్టాను. అమ్మాయి ఇంటర్‌లో చేరింది, దసరాకు రెండో విడత ఫీజు 45,000. శ్రావణంలో నాలుగు పెళ్లిళ్లకు తలా 10,000 అడ్వాన్సు తీసుకున్నాను. ఆ డబ్బు మొదటి విడత ఫీజుకు అయిపోయింది. పాత కెమెరాను వదులుకోలేను. గంగమ్మ జాతరలో మాతంగి వేషం ఫొటో దాంతో తీసిందే, స్టూడియో గోడ మీద ఉంది. బాగు చేయించాలా, కొత్తది కొనాలా? చీటీ పాడనా, బంగారం పెట్టనా?

జవాబు: మీరు పంపిన ఫొటోలో ఒక సంగతి కనిపించింది. బొటనవేలు ఆనే చోట రబ్బరు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్కను కత్తిరించి అంటించుకున్నారు. అంచులు గుండ్రంగా, శ్రద్ధగా కోశారు. అంత ప్రేమగా వాడిన వస్తువు గురించి మాట్లాడేటప్పుడు లెక్కలు కాస్త కఠినంగా అనిపిస్తాయి. అయినా ముందు లెక్కే చూద్దాం.

మీ తరగతి కెమెరాల షట్టర్‌ను కంపెనీలు సాధారణంగా 1,50,000 సార్లు పడే వరకు పరీక్షిస్తాయి. మీది దాన్ని దాటి మరో 60,000 పని చేసింది. కాబట్టి ఇది దురదృష్టం కాదు. దిష్టి అసలే కాదు. అరుగుదల. 1,20,000ను 2,10,000తో భాగిస్తే ఒక్కో క్లిక్కుకు 57 పైసలు పడుతుంది. మీరు పొదుపుగా తీసే మనిషి. రాత్రి రిసెప్షన్, తెల్లవారుజాము ముహూర్తం కలిపి వెయ్యికి మించవని రాశారు. అంటే ఒక్కో పెళ్లిలో మీ కెమెరా 570 రూపాయల మేర అరిగిపోయింది. ఆ 570 ఎవరికీ కనిపించలేదు. మిగిలిన 16,000లో కలిసిపోయి బియ్యం, కరెంటు బిల్లు, ఫీజు అయింది. పెళ్లికి 570, చిన్న శుభకార్యానికి అందులో సగం విడిగా పెట్టి ఉంటే కెమెరా ఆగిన రోజుకు దాని ధర మొత్తం మీ చేతిలో ఉండేది. మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. లారీ యజమానులకు టైర్ల లెక్క తెలుసు, ఫొటోగ్రాఫర్లకు షట్టర్ లెక్క ఎవరూ చెప్పరు. మీ మిగులు 16,000 కాదు, సుమారు 15,400 అని తెలుసుకుంటే మిగతా జవాబులన్నీ తేలికవుతాయి.

బాగు చేయించడం లాభమా? 24,000 పెడితే షట్టర్ కొత్తదవుతుంది. బోర్డు, కార్డు పెట్టే అర, బటన్లు మాత్రం తొమ్మిదేళ్లవే. అందుకని మరో రెండేళ్లే పనిచేస్తుందని తక్కువగా అంచనా వేద్దాం. మీ వేగానికి రెండేళ్లంటే సుమారు 45,000 క్లిక్కులు. క్లిక్కుకు 53 పైసలు. కొత్తది 1,68,000కు కొని 2,00,000 క్లిక్కులు వాడినా 84 పైసలు. కాగితం మీద బాగు చేయించడమే గెలిచింది. కాబట్టి చేయించండి. అయితే ఆలస్యం వద్దు. కెనాన్, నికాన్ రెండూ 2018లో ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్ వైపు అడుగు వేశాయి. ఆ తర్వాత వాటి దృష్టంతా అటే. పాత నమూనాల విడిభాగాలు ఎల్లకాలం దొరకవు. ఈ రోజు 24,000కు అయ్యే పని రెండేళ్ల తర్వాత ఎంత ఇచ్చినా కాకపోవచ్చు.

కాగితం మీద లేనిది ఒకటుంది. జీలకర్ర బెల్లం పెట్టే నిమిషంలో కెమెరా మొరాయిస్తే ముహూర్తాన్ని వెనక్కి తిప్పలేం. రిసెప్షన్‌లో ఆగితే ఫోన్లతో సర్దుకున్నారని రాశారు. తాళి కట్టే వేళ ఆ సర్దుబాటు కుదరదు, మళ్లీ ఆ వీధి నుంచి పిలుపు రాదు. బాగు చేసిన పాత కెమెరా ఒక్కదాన్నే భుజాన వేసుకుని ఇంకో రెండేళ్లు పెళ్లిళ్లు చేయవద్దు. దాన్ని రెండో కెమెరాగా ఉంచుకుని, మొదటిది కొత్తది కొనండి. ఇప్పుడు కాదు, మార్గశిరం దాటాక.

ఇప్పుడెందుకు వద్దంటే, ఆ 'వడ్డీ లేని' వాయిదాల వల్ల. వడ్డీ లేని రుణం అనే మాటకు అర్థమే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. మీ విషయంలో అది కళ్లకు కట్టినట్టే ఉంది. నగదుకు 1,68,000, వాయిదాలకు 1,80,000. తేడా 12,000 వడ్డీయే, ఏడాదికి సుమారు 13 శాతం పడుతుంది. ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మీద జీఎస్టీ కలిస్తే ఇంకాస్త పైకి పోతుంది. నిజానికి 13 శాతం మరీ ఘోరమైన రేటు కాదు. నాకు అభ్యంతరం రేటు మీద లేదు, పంచాంగం మీద. మీకు డబ్బు వచ్చేది మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. మధ్యలో మూఢం వస్తే ఏకంగా రెండు నెలలు కల్యాణ మండపాలకు తాళాలే. 15,000 వాయిదాకు ఇవేవీ తెలియవు. ప్రతి నెలా అదే తేదీకి వచ్చి నిలబడుతుంది. ఒక్క వాయిదా తప్పి క్రెడిట్ కార్డు మీద పడితే నెలకు మూడు, మూడున్నర శాతం దాకా పోతుంది.

బిల్లు లేని 1,45,000 బేరం వద్దు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం కాదు, 18 శాతం. 1,68,000లో పన్ను దాదాపు 25,600 ఉంటుంది. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటని మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కనుక ఆ పన్ను మీకు తిరిగి రాదు, నిజమే. ఆ దుకాణదారు మీకు వదిలేస్తున్నది కూడా ఆ పన్నే. కానీ బిల్లు లేకపోతే గ్యారంటీ లేదు, బీమా లేదు, బ్యాంకు రుణం అసలే లేదు.

బీమా మాట వచ్చింది కనుక: పరికరాల బీమా అనేది కెమెరా కింద పడటం, దొంగతనం, అగ్ని ప్రమాదం లాంటివాటికి పనికొస్తుంది. వాడకంతో అరిగిన షట్టర్‌కు ఏ కంపెనీ డబ్బివ్వదు. కొత్తది కొన్నాక తీసుకోండి, రాత్రి బస్సుల్లో తిరిగే మనిషి మీరు.

ఇక చీటీ. పోయిన నెల పాట 66,000 తగ్గింపుకు పోయిందన్నారు. ఇప్పుడు పాడితే చేతికి 2,34,000, ఆ పైన మిగిలిన పదహారు నెలలకు జామీను చూపించాలి. చివరి దాకా ఆగితే నిర్వాహకుడి కమీషన్ 5 శాతం పోను 2,85,000 వస్తుంది. (చట్టం 2019 నుంచి 7 శాతం దాకా అనుమతిస్తోంది, మీ ఒప్పందంలో ఎంతుందో చూసుకోండి.) ఆషాఢంలో పాట లోతుకు పోవడం మామూలే. ఫీజుల కాలం, చేతులు ఖాళీగా ఉన్న కాలం, అందరికీ అవసరమే. కెమెరా కోసం ఆ వరసలో మీరు నిలబడకండి. ఆ చీటీ పూర్తయ్యే నాటికి అమ్మాయి ఇంటర్ ముగింపుకు వస్తుంది. దానికి అప్పుడే పని ఉంది.

బంగారం కూడా వద్దు. తాకట్టు రుణం మరీ చెడ్డది కాదు, కానీ విడిపించే తేదీ ఆదాయం లేని నెలలో పడితే వడ్డీ కట్టి తిరగరాయించడం మొదలవుతుంది. అది ఎన్నేళ్లు సాగుతుందో మీ శ్రీమతికి తెలిసే ఉంటుంది, ఆవిడను అడగండి.

మరి డబ్బెక్కడిది? డిపాజిట్ 1,40,000 ఉంది. అత్యవసరానికి దాచామని రాశారు. పని ఆగిపోవడం కంటే అత్యవసరం ఏముంటుంది? అందులో 45,000 దసరా ఫీజుకు పక్కన పెట్టండి. 24,000 బాగు చేయించడానికి. కెమెరా తిరిగి వచ్చేలోగా శ్రావణంలో మొదటి రెండు పెళ్లిళ్లకు అద్దె కెమెరా తీసుకోండి. రోజుకు 2,500 అన్నారు, నాలుగు రోజులకు 10,000. మిగిలేది 61,000, రెండు నెలల ఇంటి ఖర్చు. దాన్ని ముట్టుకోవద్దు. డిపాజిట్ మొత్తం రద్దు చేయకుండా కొంత భాగమే తీసే వీలుందేమో బ్యాంకులో అడగండి. లేకపోతే ముందుగా తీసినందుకు వడ్డీలో కొంత కోత పడుతుంది, అంతే.

శ్రావణం నుంచి మార్గశిరం దాకా మీకు పది పెళ్లిళ్లయినా తగులుతాయి. ఒక్కో దానిలో 5,000 వేరే ఖాతాలో వేస్తే 50,000. కొత్త కెమెరా నగదు ధర 1,68,000లో మిగిలిన 1,18,000కు ముద్రా రుణం అడగండి. చిన్న వ్యాపారాల కోసం 2015లో మొదలైన ఈ కేంద్ర పథకంలో కిశోర్ తరగతి కింద 50,000 నుంచి 5 లక్షల దాకా హామీ లేకుండా ఇస్తారు. మీ పెళ్లిళ్ల డబ్బు ఏ ఖాతాలో పడుతుందో ఆ శాఖకే వెళ్లండి. ఏడాది స్టేట్‌మెంటు, దుకాణం కొటేషన్, ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) పట్టుకెళ్లండి. ఉద్యం నమోదు ఉచితం, దానికి డబ్బడిగే దళారులను నమ్మవద్దు. 12 శాతం వడ్డీ అనుకున్నా మూడేళ్లకు నెలకు 4,000 లోపే. మొత్తం వడ్డీ సుమారు 23,000 అవుతుంది, దుకాణం వాయిదాల కంటే ఎక్కువే. తెలిసే చెబుతున్నాను. 4,000 అయితే ఆషాఢంలో కూడా మీ శ్రీమతి కుట్టుపని ఆదాయం మోస్తుంది. 15,000ను మోయలేదు. మాఘంలో చేయి ఆడినప్పుడు ముందే తీర్చేయండి, అలా తీర్చితే రుసుము ఉందో లేదో సంతకానికి ముందే అడగండి.

కొత్తది ఎంచుకునేటప్పుడు లెన్సుల ఖర్చు మరవద్దు. మీ కెమెరా ఏ కంపెనీదో రాయలేదు. నికాన్ అయితే, పాత ఏఎఫ్-డి రకం లెన్సులు, వాటిని కొత్త కెమెరాకు తగిలించే కంపెనీ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ చేయవు. ఏఎఫ్-ఎస్ రకం చేస్తాయి. కెనాన్ ఈఎఫ్ లెన్సులకు అడాప్టర్‌తో ఆ ఇబ్బంది లేదు. ఇది చూసుకోకపోతే 1,68,000 కెమెరా చూస్తుండగానే రెండు లక్షలు దాటుతుంది.

వచ్చే మాఘం నుంచి మీ ధర 30,000 కాదు, 32,000 అని చెప్పండి. తిరుపతిలో పోటీ ఉంది, తెలుసు. కానీ రెండు కెమెరాలతో వస్తున్నానని, ఒకటి ఆగినా ముహూర్తం ఆగదని చెబితే పెళ్లికూతురి తండ్రికి అది చాలా బాగా అర్థమవుతుంది. పెరిగిన 2,000లో 1,500 ప్రతి పెళ్లికీ కెమెరా ఖాతాలోకి పోవాలి. పద్దెనిమిది పెళ్లిళ్లకు 27,000. రుణం తీరాక కూడా ఆపవద్దు.

అమ్మే ఆలోచన లేదన్నారు, మంచిదే. షట్టర్ విరిగిన తొమ్మిదేళ్ల కెమెరాకు వచ్చే ధర చూస్తే ఎలాగూ మనసు నొచ్చుకుంటుంది. రెండో కెమెరాగా అది ఇంకా సంపాదిస్తుంది, జాతరకు కూడా దాన్నే తీసుకెళ్లండి. ఇంకొక మాట, తొమ్మిదేళ్ల పెళ్లిళ్లన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో ఉన్నాయని రాశారు. కొత్త కెమెరా కంటే ముందు రెండో హార్డ్ డిస్క్ కొనండి. అది ఆగితే చెన్నైలో కూడా బాగు కాకపోవచ్చు.

చివరగా అడ్వాన్సులు. ఆ 40,000 ఇంకా మీ సంపాదన కాలేదు, నాలుగు ఇళ్లకు మీరున్న బాకీ. ఆ నలుగురికీ ఈ వారమే ఫోన్ చేయండి. కెమెరా ఆగిందని, వారి పెళ్లికి ఫలానా కెమెరాతో వస్తున్నానని చెప్పండి. తిరుచానూరు రిసెప్షన్ కబురు వేరేవారి నోట వారికి చేరేలోపు మీ నోట వినాలి. అద్దె కెమెరాను ముహూర్తానికి రెండు రోజుల ముందే తెచ్చుకుని ఇంట్లో వంద ఫొటోలు తీసి చూసుకోండి. ఆ అదనపు అద్దెను కూడా పైన చెప్పిన 10,000లోనే లెక్కించాను.