సమాధానం: స్కాన్‌లో రంగుల వలయాలు

వెట్ మౌంట్ పద్ధతిలో, అంటే గాజుకీ ఫిల్మ్‌కీ మధ్య స్కానింగ్ ద్రవం పూసి, ఫొటో ఫిల్మ్ స్కాన్ చేస్తుంటే సగంలోనే అంచులు ఆరిపోయి, రంగుల వలయాలు వస్తున్నాయన్నారు కదండీ. స్కానర్‌ది తప్పు కాదు, విజయవాడ ఎండది. ద్రవం ఆవిరైన చోట ఫిల్మ్‌కీ గాజుకీ మధ్య సన్నటి గాలి పొర చేరుతుంది. న్యూటన్ వలయాలు అనే ఈ రంగుల వలయాలు పుట్టేది అక్కడే.

తెల్లవారుజామున, ఫ్యాన్ కట్టేసి చేయండి. కిటికీ మాత్రం తీసే ఉంచండి, ఆ ద్రవం ఆవిరికి సులువుగా మంటంటుకుంటుంది. ఎక్స్‌పోజర్, క్రాప్ పొడి ఫిల్మ్‌తోనే ముందు సరిచూసుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఫిల్మ్ పైన కప్పే మైలార్ షీట్‌ను (పారదర్శక ప్లాస్టిక్ రేకు) ఫిల్మ్ కంటే అన్ని వైపులా బాగా పెద్దదిగా కత్తిరించండి. ఆరడం మొదలయ్యేది దాని అంచు దగ్గరే. ఫిల్మ్‌ను ఒక అంచు నుంచి మెల్లగా వాల్చి, బుడగలను మెత్తటి గుడ్డతో మధ్య నుంచి బయటికి నెట్టండి. ద్రవాన్ని స్కానర్ గాజు మీద నేరుగా పోయొద్దు, లోపలికి కారుతుంది. ఇందుకోసమే ఉన్న వెట్ మౌంట్ ట్రే వాడండి.

నీళ్లతో సరిపెట్టమన్న సలహా వినకండి. ఫిల్మ్ మీద బొమ్మ ఉండే పూత, అంటే ఎమల్షన్‌లోని జెలటిన్ ఉబ్బిపోతుంది.