మోడల్ టెస్టులో మార్కులు కదలడం లేదు, ఇంకో కోచింగ్ పెట్టించాలా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. టెన్త్‌లో 580 దాటాయి. ఇప్పుడు కాలేజీలో ఆదివారం ఆదివారం పెట్టే జేఈఈ మెయిన్ మోడల్ టెస్టులో 300కి 90, 95 దగ్గరే ఆగిపోతోంది. ర్యాంకుల లిస్టు వాట్సాప్ గ్రూపులో పెడతారు, అది రాగానే పిల్ల గదిలోకెళ్లి తలుపేసుకుంటోంది. 40 వేలు కడితే ఇంకో ఆన్‌లైన్ కోర్సు ఉందట, కాదంటే ద్వారకా నగర్‌లో సాయంత్రం క్లాసులు ఉన్నాయట. ఏదో ఒకటి పెట్టించమంటారా? అమెరికాలో ఉన్న మా తమ్ముడేమో శాట్ (అక్కడి కాలేజీల్లో డిగ్రీలో చేరడానికి రాసే పరీక్ష) కూడా రాయించమంటున్నాడు. ఏం చెయ్యాలో తోచడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ 40 వేలు బ్యాంకులోనే ఉండనివ్వండి. సాయంత్రం క్లాసుల మాట అసలే వద్దు. కాలేజీ వదిలాక గాజువాక నుంచి ద్వారకా నగర్ వెళ్లి రావడమంటే, ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్‌లోనే పిల్ల ఓపికంతా అయిపోతుంది, ఇంక ఆ రాత్రి పుస్తకం ఏం తెరుస్తుంది?

మీరు ఫొటోలు పంపిన మొన్నటి పేపరు ముందు పెట్టుకుని మీ అమ్మాయితో ఫోన్‌లో గంటసేపు మాట్లాడాను. 75 ప్రశ్నల్లో 68 పెట్టింది. 32 రైటు, 36 తప్పు. రైటుకి 4, తప్పుకి మైనస్ 1 కాబట్టి 128లోంచి 36 పోయి 92. మీకు కనిపించింది ఆ 92 ఒక్కటే. నాకు కావాల్సింది ఆ 36 తప్పులు. ఒక్కోటీ తీసి "ఇదెందుకు పోయింది?" అని అడుగుతూ పోయాను. మొదట్లో అన్నిటికీ "సిల్లీ మిస్టేక్ సార్" అంది. నాకు ఆ మాటంటే చిరాకు, అందులో జబ్బు పేరుండదు. కాస్త గట్టిగా అడిగితే లెక్క ఇలా తేలింది: 16 అసలు రానివో మర్చిపోయినవో, 11 వచ్చి కూడా చేజారినవి, 9 న్యూమరికల్ ప్రశ్నల్లో, అంటే ఆప్షన్లు లేకుండా జవాబు అంకెల్లోనే ఇవ్వాల్సినవాటిలో, ఏదో ఒక అంకె వేసేసినవి.

ఆ పదకొండులో ఒకటి చెబుతాను. కటకం నాభ్యంతరం 20 సెంటీమీటర్లు, దాని సామర్థ్యం ఎంత అని అడిగాడు. ఒకటిని 20తో భాగించి 0.05 వేసింది. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చలేదు, 0.2తో భాగిస్తే 5 వచ్చేది. ఫార్ములా నోటికొచ్చు, రఫ్ పేజీలో ఎంత చక్కగా రాసిందో చూశారుగా. పైగా పేపరంతా వెతికితే యూనిట్లు మార్చకుండా పోగొట్టుకున్నవి మరో మూడున్నాయి. ఇక దీనికి కొత్త కోర్సులో కొత్త సారు వచ్చి ఏం చెబుతాడు చెప్పండి? ఆయన మళ్లీ కటకాలు మొదటి నుంచి చెబుతాడు, పిల్లకి అదంతా తెలిసిందే అనిపిస్తుంది, వచ్చే ఆదివారం మళ్లీ 0.05 వేస్తుంది.

తప్పు ఒకటి రైటయితే 4 మార్కులు కాదు, 5 కలుస్తాయి, మైనస్ కూడా పోతుంది కదా. ఆ పదకొండూ సరిచేసుకుంటే 55. న్యూమరికల్‌లో ఊహించి వేసిన తొమ్మిదీ వదిలేసి ఉంటే ఇంకో 9. అంటే కొత్తగా ఒక్క చాప్టర్ చదవకుండా 92 కాస్తా 156. అంతా ఒక్క నెలలో రాదు, ఆ మాట ఇప్పుడే చెప్పేస్తున్నా, సగం వచ్చినా గ్రాఫ్ కదులుతుంది.

ఊహించడం గురించి కూడా చెప్పాలి, దీని మీద పిల్లలకి రకరకాల సలహాలు ఇస్తారు. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో గుడ్డిగా పెట్టినా లెక్క ప్రకారం నష్టం లేదు, నాలుగుసార్లకి ఒకటి తగిలి 4 వస్తే మూడు పోతాయి. కాకపోతే పిల్లలు నిజంగా గుడ్డిగా పెట్టరు, సగం లెక్క చేసి ఎదురుగా కనబడిన అంకెను పట్టుకుంటారు, పేపరు తయారుచేసేవాడు సరిగ్గా ఆ సగం లెక్క జవాబునే ఒక ఆప్షన్‌గా పెడతాడు. అందుకని రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే పెట్టమనండి, లేకపోతే కదిలిపొమ్మనండి. న్యూమరికల్‌లో మాత్రం ఊహకి చోటే లేదు, అక్కడా మైనస్ ఉంది.

ఇక చేయాల్సింది ఒక్కటే, ఒక 200 పేజీల నోట్‌బుక్ కొనివ్వండి. ఆదివారం పరీక్ష అయ్యాక ఆ సాయంత్రం వదిలేయండి, తిని పడుకోనివ్వండి, లేదా బీచ్ రోడ్డుకి తీసుకెళ్లండి. సోమ, మంగళవారాల్లో తప్పు పోయినవన్నీ కీ చూడకుండా మళ్లీ చెయ్యాలి. చేసి, ఎందుకు పోయిందో ఒక్క వాక్యం తన మాటల్లో, తెలుగులోనే రాసుకోవాలి: "సెంటీమీటర్లు మార్చలేదు", "ప్రశ్నలో 'కానిది' అన్న మాట చూడలేదు" ఇలాగ. పరీక్ష రాయడానికి మూడు గంటలైతే ఈ పనికి నాలుగు గంటలు పడుతుంది. పిల్లలకి ఇది చచ్చేంత బోరు. నేనూ మొదట్లో "ఎన్ని మాక్‌లు రాస్తే అంత మంచిది" అని చెప్పినవాణ్ణే, ఒక కుర్రాడు నా మాట నమ్మి వరసగా రాసుకుంటూ పోయాడు, చివరి పేపర్లో కూడా మొదటి పేపర్లో చేసిన తప్పులే చేశాడు. ఆ తప్పు నాది.

రాని ఆ పదహారు ప్రశ్నల్లో పది ఫస్టియర్‌వి. భ్రమణ చలనం, థర్మోడైనమిక్స్, ఆర్గానిక్ మొదటి పాఠం. సెకండియర్ సిలబస్ పరుగులో ఫస్టియర్ పుస్తకం అటక మీదకి పోయింది, అంతే. దసరా సెలవులు ఎలాగూ అయిపోయాయి, జేఈఈ మెయిన్ జనవరి సెషన్‌కి ఉన్న టైములో రోజుకి ఒక గంట దానికివ్వాలి. జనవరిలో బాగా రాకపోతే ఏప్రిల్‌లో రెండో సెషన్ ఉంది, రెండింట్లో మంచి స్కోరే తీసుకుంటారు. పర్సంటైల్‌ని మార్కులనుకుని కంగారు పడొద్దు, 90 పర్సంటైల్ అంటే నూటికి 90 మార్కులు వచ్చాయని కాదు, రాసినవాళ్లలో 90 శాతం మంది తనతో సమానంగానో తన వెనకో ఉన్నారని.

పాత పేపర్లు ప్రాక్టీస్ చేసేటప్పుడు ఒకటి గమనించమనండి. 2021 నుంచి 2024 దాకా 90 ప్రశ్నలిచ్చి 75 రాయమనేవారు, న్యూమరికల్‌లో పదిలో అయిదు ఎంచుకోవచ్చు. 2025 నుంచి ఆ ఛాయిస్ తీసేశారు, ఉన్న 75 మాత్రమే. ఆ పాత పేపర్లు యథాతథంగా రాస్తే చేతికి వేరే అలవాటు పడుతుంది. ఇంకోటి, మీ అమ్మాయి ఇప్పటిదాకా అన్నీ కాగితం మీదే రాసిందట. అసలు పరీక్ష కంప్యూటర్ మీద, న్యూమరికల్ జవాబు కూడా స్క్రీన్ మీద కనిపించే అంకెల్ని మౌస్‌తో నొక్కి ఇవ్వాలి. జేఈఈ మెయిన్ పెట్టే ఎన్టీఏ సైట్‌లో మాక్ టెస్టులు ఉచితంగానే ఉన్నాయి. పదిహేను రోజులకొకటి పక్కింట్లో ల్యాప్‌టాప్ అడిగైనా రాయించండి.

మీరు ఎంసెట్ ఊసే ఎత్తలేదు, నాకు అదే ఆశ్చర్యం. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్, మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీటుకి మీ అమ్మాయికి అసలు దారి అదే కావచ్చు. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే, ఒక్కోదానికి 67 సెకన్లు. జేఈఈలో రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు ఉంటాయి. మైనస్ లేదు కాబట్టి ఒక్కటీ ఖాళీ వదలకూడదు, అక్కడ వదిలెయ్యడం నేర్చిన చెయ్యి ఇక్కడ అన్నీ పెట్టడం నేర్చుకోవాలి. ర్యాంకులో పాతిక శాతం వెయిటేజీ ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల మార్కులకి ఉంది, అందుకని జేఈఈ పిచ్చిలో ఇంటర్ పబ్లిక్ పరీక్షల్ని తేలిగ్గా తీసుకోవద్దు. స్పీడ్ ప్రాక్టీస్ ఆ పరీక్షలయ్యాక మొదలుపెట్టినా సరిపోతుంది.

శాట్ సంగతి: డిగ్రీకే విదేశం పంపే ఆలోచన, డబ్బు రెండూ ఉంటేనే. లేకపోతే మీ తమ్ముడికి నవ్వుతూ "చూద్దాంరా" అనండి.

వాట్సాప్ గ్రూపును నెలరోజులు మ్యూట్‌లో పెట్టండి, మీ ఫోన్లో, ఆయన ఫోన్లో కూడా. వచ్చే మంగళవారం ఆ నోట్‌బుక్ మొదటి పేజీ ఫొటో తీసి నాకు పంపమనండి. మార్కులెన్నొచ్చాయని మీరు అడక్కండి, నేనడుగుతాను.