టెక్ సందేహాలు: నాన్న ఆసుపత్రి ఫైలు ఫోన్‌లో దాచుకోవడం ఎలా?

ప్రశ్న: రెండు నెలల క్రితం నాన్నకు స్టెంట్ వేశారు. ఫైలు నిండా కాగితాలు, ఒక సీడీ ఇచ్చారు. ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టుకుంటే సరిపోతుందా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వాట్సాప్ వద్దండి. ఫొటో నాణ్యత తగ్గుతుంది, ఆర్నెల్ల తర్వాత వెతికితే దొరకదు. గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్కాన్ సదుపాయం ఉంది, పేజీలన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేస్తుంది. ఐఫోన్‌లో అయితే నోట్స్ యాప్ చాలు. ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టండి: ‘2024-11-18 ఎకో’. అప్పుడు అన్నీ వాటంతటవే వరుసలో ఉంటాయి.

అన్నిటికంటే ముందు ఈసీజీ స్కాన్ చేయండి. అది చాలావరకు ఏటీఎం రసీదు లాంటి థర్మల్ పేపరే. మా అమ్మ ఈసీజీ బీరువాలో ఉండగానే వెలిసిపోయింది. కొత్త డాక్టరు పాతదానితో పోల్చి చూద్దామన్న రోజు, గళ్లు తప్ప గీత కనిపించలేదు. ఆ బాధ మీకు వద్దు.

తర్వాత డిశ్చార్జి సమ్మరీ. ఎందుకు చేరారు, ఏం చేశారు, ఏ మందులు వాడాలి అన్నది అందులో ఉంటుంది. కానీ అది సారాంశమే. డాక్టర్లు రోజూ రాసిన నోట్సు, నర్సుల బీపీ చార్టు, ఏ రక్తనాళంలో ఎంత సైజు స్టెంట్ వేశారో చెప్పే ప్రొసీజర్ నోట్, ఇవన్నీ కేస్ షీట్‌లో ఆసుపత్రి దగ్గరే ఉంటాయి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం వాటిని చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నాన్నగారి సంతకంతో అర్జీ రాసి ఇప్పుడే అడగండి. కనీసం ప్రొసీజర్ నోట్ అయినా తెచ్చుకోండి.

సీడీలో ఉన్నది యాంజియోగ్రామ్ వీడియో. అది డైకామ్ (వైద్య చిత్రాలకు వాడే) ఫార్మాట్ కాబట్టి మామూలు ప్లేయర్లలో సాధారణంగా తెరుచుకోదు. కంప్యూటర్‌కు యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలించి, ఏ ఫైలూ వదలకుండా ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. విండోస్‌లో రేడియాంట్ వ్యూయర్‌తో చూడొచ్చు.

14 అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్) నంబరు తీసుకోండి, మంచిదే. అయితే పాత కాగితాలను అది తనంతట తెచ్చిపెట్టదు, ఈ స్కానింగ్ తప్పదు.

ఇంకొక్కటి. నాన్నగారి ఫోన్‌లో ఎమర్జెన్సీ సమాచారం తెరిచి స్టెంట్ వేసిన తేదీ, రక్తం పలచన చేసే మందుల పేర్లు రాయండి. లాక్ స్క్రీన్‌పై చూపించే ఆప్షన్ ఆన్ చేస్తే, ఫోన్ లాక్‌లో ఉన్నా అంబులెన్సు వాళ్లు చూడగలరు.