ఉచిత ఫైల్ మేనేజర్లలో నేను డబుల్ కమాండర్ దగ్గరే ఎందుకు ఆగాను

రెండు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఉన్న ఫోటోలు, పత్రాలు ఒకచోటికి చేర్చాలని, రెండు విండోలు పక్కపక్కన పెట్టుకుని లాగుతుంటే ఏది ఎక్కడికి పోతోందో తెలియడం లేదని, డబ్బు కట్టకుండా వాడుకునే మంచి ఫైల్ మేనేజర్ (ఫైళ్లను చూసుకోడానికి, కాపీ చేయడానికి, సర్దుకోడానికి వాడే ప్రోగ్రామ్) ఏదైనా చెప్పమని మీరు అడిగారు. నా సమాధానం డబుల్ కమాండర్. కొన్నేళ్లుగా నేను రోజూ వాడుతున్నది అదే. ఎందుకో కూడా చెప్తాను, ఎందుకంటే మీరు చేస్తున్న పని చేస్తూనే నేను ఫోటోలు పోగొట్టుకున్నాను.

మా నాన్నగారి పాత ఫోటోలన్నీ స్కాన్ చేసి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. ఒకరోజు వాటి రంగులు సరిచేద్దామనిపించింది. అసలువి పాడవకూడదని, ఆ ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఇంకో ఫోల్డర్‌లోకి మౌస్‌తో లాగాను. కాపీ అయిందనుకున్నాను. విండోస్‌లో ఒక డ్రైవ్ నుంచి వేరే డ్రైవ్‌కి లాగితే కాపీ అవుతుంది, అదే డ్రైవ్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి లాగితే మూవ్ అవుతుంది. ఆ తేడా నాకప్పటికి తెలియదు. కొన్నాళ్లకు జాగా చాలక, అదనపు కాపీయే కదా అని దాన్ని డిలీట్ చేశాను. పెన్‌డ్రైవ్ నుంచి డిలీట్ చేసినవి మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో సగానికి పైగా తిరిగొచ్చాయి. మిగతావి మళ్లీ స్కాన్ చేద్దామని చూస్తే, కొన్ని ప్రింట్లు అప్పటికే చెమ్మకు అతుక్కుపోయి ఉన్నాయి.

అప్పటినుంచి ముఖ్యమైన ఫైళ్లను మౌస్‌తో లాగడం మానేశాను. డబుల్ కమాండర్ తెరవగానే ఎడమవైపు ఒక ఫోల్డర్, కుడివైపు ఒక ఫోల్డర్ కనిపిస్తాయి. ట్యాబ్ కీ నొక్కితే ఇటునుంచి అటు మారతారు. ఎఫ్5 అంటే కాపీ, ఎఫ్6 అంటే మూవ్. డ్రైవ్ ఏదైనా సరే, ఈ కీల అర్థం మారదు. పైగా పని మొదలయ్యే ముందు ఎక్కడికి పంపుతున్నారో పూర్తి దారి చూపించి అడుగుతుంది. ఆ ఒక్క క్షణం ఆగి చదివే అలవాటు నాకు తర్వాత చాలాసార్లు పనికొచ్చింది. (ఈ రెండు పలకల పద్ధతి 1986లో, విండోస్‌కి ముందు వాడిన డాస్ కోసం వచ్చిన నార్టన్ కమాండర్ అనే ప్రోగ్రామ్ నాటిది. ఆ కుటుంబానికి చెందిన ప్రోగ్రాముల్లో కాపీకి ఎఫ్5, మూవ్‌కి ఎఫ్6 ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఒకసారి చేయి అలవాటు పడితే దేనికి మారినా ఇబ్బంది ఉండదు.) లాప్‌టాప్‌లో ఎఫ్5 నొక్కితే వెలుతురో, శబ్దమో మారుతుంటే ఎఫ్‌ఎన్ కీతో కలిపి నొక్కండి.

మీ పనికి అసలు ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. కమాండ్స్ మెనూలో ‘సింక్రనైజ్ డైరెక్టరీస్’ అని కనిపిస్తుంది. పాత డిస్కు ఫోల్డర్ ఒకవైపు, కొత్తది ఇంకోవైపు పెట్టి, సబ్‌ఫోల్డర్లను కూడా కలుపుకుని పోల్చమంటే, రెండిటిలో ఒకేలా ఉన్నవి, ఒకవైపే ఉన్నవి, తేడా ఉన్నవి వేర్వేరు గుర్తులతో వరుసగా చూపిస్తుంది. కంటెంట్ ప్రకారం పోల్చే ఆప్షన్ పెడితే పేరు, తేదీ చూసి ఊరుకోకుండా ఫైలు లోపలి సమాచారాన్నే చదివి పోలుస్తుంది. రెండు డిస్కులనూ పూర్తిగా చదవాలి కాబట్టి గంటలు పట్టవచ్చు. పట్టనివ్వండి. అంతా వచ్చిందో లేదో అన్న టెన్షన్ నాకు నిజంగా పోయింది దీంతోనే.

కెమెరా ఫోటోలు కలిపేటప్పుడు ఒక ప్రమాదం ఉంది, దీన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి. చాలా కెమెరాలు ఫైళ్లకు నాలుగంకెల వరుస నంబర్లు ఇస్తాయి. 9999 దాటాక మళ్లీ మొదటికొస్తాయి. అంటే మీ రెండు డిస్కుల్లో ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫోటోలు ఉండే అవకాశం బాగా ఉంది. కాపీ చేస్తుండగా ఆ పేరుతో ఫైలు ముందే ఉందని అడిగినప్పుడు, విసిగిపోయి ‘ఓవర్‌రైట్ ఆల్’ నొక్కారంటే మొదటి ఫోటో పోయినట్టే. డబుల్ కమాండర్ ఆ సమయంలో రెండు ఫైళ్ల సైజు, తేదీ పక్కపక్కన చూపిస్తుంది. కొత్తగా వచ్చే ఫైలుకి తానే పేరు మార్చుకునే ‘ఆటో రీనేమ్’ కూడా అక్కడే ఉంటుంది. నేనైతే ముందే కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కి మల్టీ రీనేమ్ తెరిచి, ఫోల్డర్‌లోని ఫోటోలన్నిటి పేర్లకు ముందు తేదీ చేరుస్తాను. మార్చకముందే పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన కనిపిస్తాయి కాబట్టి భయం లేదు.

దీనికి లోటు లేదని కాదు. చూడ్డానికి పాతకాలం ప్రోగ్రామ్‌లా ఉంటుంది, సెట్టింగులు లెక్కకు మించి ఉంటాయి. మొదటి వారం నాకూ చిరాకనిపించింది. అవేవీ ముట్టుకోకుండా నాలుగైదు కీలతో మొదలుపెడితే చాలు. ఇది ఓపెన్ సోర్స్, అంటే దీని కోడ్ ఎవరైనా చూడొచ్చు. జీపీఎల్ అనే ఉచిత లైసెన్స్ కింద వస్తుంది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేని పోర్టబుల్ వెర్షన్ కూడా ఉంది, ముందు అదే దించుకుని చూడండి. దాని సొంత సైట్ నుంచే తీసుకోండి, పేరు వెతకగానే వచ్చే ఏదో ఒక డౌన్‌లోడ్ సైట్ నుంచి వద్దు.

మిగతావాటిలో కొన్ని వాడి చూశాను. ఫ్రీకమాండర్ ఎక్స్‌ఈ విండోస్‌కి మాత్రమే, కానీ చూపుకి ఇంకాస్త సౌమ్యంగా ఉంటుంది. కీబోర్డ్ కన్నా మౌస్ ఇష్టపడేవాళ్లకి నేను దాన్నే చెప్తాను. ఒకేసారి నాలుగు ఫోల్డర్లు తెరిచి పెట్టుకోవాలంటే క్యూ-డిర్. ఎక్స్‌ప్లోరర్ ప్లస్ ప్లస్ చాలా చిన్నది, ఒకే ఫైలు, ఎక్కువ అలవాట్లు మార్చుకోనక్కర్లేదు. ఫైల్స్ అనే ఓపెన్ సోర్స్ యాప్ అన్నిటికన్నా అందంగా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బు కట్టి తీసుకోవాలి, దాని సొంత సైట్‌లో మాత్రం ఉచితం. టోటల్ కమాండర్ పేరు ఎవరైనా చెప్తే, అది చాలా మంచిదే కానీ 30 రోజులు పరీక్షించి చూశాక కొనుక్కోవాల్సినది. లినక్స్ వాడుతుంటే అక్కడి ఫైల్ మేనేజర్లు డాల్ఫిన్‌లో గానీ నెమోలో గానీ ఎఫ్3 నొక్కండి, రెండు పలకలు అక్కడే వస్తాయి, కొత్తది వెతకనే అక్కర్లేదు.

ఫైల్ మేనేజర్ మారిస్తే కాపీ వేగం పెరుగుతుందని మాత్రం ఆశించకండి. వేగం డిస్కుది, కేబుల్‌ది, పోర్టుది. ఒక పెద్ద వీడియో కన్నా అంతే సైజున్న వేలాది చిన్న ఫైళ్లు ఆలస్యంగా వెళ్తాయి, ఎందుకంటే ప్రతి ఫైలుకీ విడిగా పేరు, తేదీ, స్థానం రాసుకోవాలి. ఒక ఫోల్డర్ తెరవడమే ఆలస్యమవుతుంటే, విండోస్‌తో వచ్చే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోనే దాని ప్రాపర్టీస్‌కి వెళ్లి, కస్టమైజ్ ట్యాబ్‌లో ‘జనరల్ ఐటమ్స్’ ఎంచుకుని చూడండి. చాలాసార్లు అదొక్కటే సరిపోతుంది.

మీ డిస్కుల విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ముందు ఊరికే నాలుగు ఫైళ్లతో ఒక ఫోల్డర్ చేసుకుని ఎఫ్5, ఎఫ్6 ఒక సాయంత్రం అలవాటు చేసుకుంటాను. తర్వాత మొదటి డిస్కుని కొత్తదానిలో ఒక ఫోల్డర్‌కి, రెండోదాన్ని ఇంకో ఫోల్డర్‌కి ఎఫ్5తోనే పంపుతాను, ఎఫ్6 జోలికి వెళ్లను. ఒక్కోదాన్ని కంటెంట్ ప్రకారం పోల్చి చూసుకున్నాకే ఆ రెండు ఫోల్డర్లనూ కలపడం మొదలుపెడతాను. అదంతా అయ్యేదాకా పాత డిస్కుల్లోంచి ఒక్క ఫైలు కూడా తీయను. పోల్చినప్పుడు తేడా అని చూపించే ఫైళ్లుంటే, అవి ఎలాంటివో కింద రాయండి, కలిసి చూద్దాం.