చౌక ఈఎస్‌సీల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

చౌక ఈఎస్‌సీ మొరాయిస్తే ఏం చేయాలో చెప్పే నీ వ్యాసం ఆసాంతం చదివాను. ఆర్‌సీ కార్లన్నిటి (రిమోటుతో నడిచే బొమ్మ కార్లు) జోలికీ పోకుండా బ్రష్డ్ మోటారు (లోపల కార్బన్ బ్రష్‌లుండే పాత రకం), దాని చౌక ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు) వరకే కట్టుబడ్డావు, బాగుంది. మొదటి మూడు పేరాలు మాత్రం కొట్టెయ్. కారు మధ్యలో మొరాయించి, పక్కన పిల్లాడు ముఖం ముడుచుకుని కూర్చుంటే, ఆ తండ్రికి రిమోటు కార్ల పుట్టుపూర్వోత్తరాలు ఎక్కుతాయా?

అసలు తంటా నాలుగో పేరాలో ఉంది. 'ఈఎస్‌సీ సరిగా పనిచేయకపోతే' అని మొదలుపెట్టి తొమ్మిది కారణాలు ఏకరువు పెట్టావు. సరిగా పనిచేయకపోవడం అంటే ఏమిటి? కారు ఎప్పుడు ఆగిందని ముందు అడుగు, కారణాలు వాటంతట అవే రాలిపోతాయి. నాలుగైదు నిమిషాలు పరిగెత్తి ఆగి, చల్లారాక మళ్లీ కదిలితే అది వేడి. పినియన్ (మోటారు కడ్డీ మీది చిన్న పళ్లచక్రం) పెద్దదై ఉండొచ్చు, గేర్లు బిగుసుకుని ఉండొచ్చు, ఈఎస్‌సీ తనను తాను కాపాడుకుంటోందంతే. గట్టిగా నొక్కినప్పుడే చచ్చిపోయి, వదలగానే ప్రాణం పోసుకుంటే బ్యాటరీనో కనెక్టరునో అనుమానించు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా రిసీవరు (రిమోటు సంకేతం అందుకునే పెట్టె) లైటు ఆరిపోతోందంటే, మోటారు సంగతి పక్కనపెట్టి బీఈసీ (రిసీవరుకూ స్టీరింగుకూ తక్కువ వోల్టేజీ అందించే, ఈఎస్‌సీలోని భాగం) దగ్గరికి వెళ్లు.

ఆ బీఈసీని నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు. నాకైతే వ్యాసానికి గుండెకాయ అదే అనిపిస్తుంది. '2ఎస్‌తో (రెండు సెల్లుల బ్యాటరీ) బ్రహ్మాండంగా నడిచింది, 3ఎస్ (మూడు సెల్లులది) పెట్టగానే మధ్యమధ్యలో ఆగుతోంది' అన్న ఫిర్యాదు ఎంతమంది నోట విన్నావో నీకే తెలుసు. చౌక బోర్డుల్లో బీఈసీ చాలావరకు లీనియర్ రకం. బ్యాటరీ వోల్టేజీలోంచి తనకు కావాల్సింది ఉంచుకుని, మిగిలినదంతా వేడిగా తగలేస్తుంది. నిండా ఛార్జయిన 2ఎస్ 8.4 వోల్టులు. బీఈసీ 6 వోల్టులు ఇస్తూ, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) 1 ఆంపియర్ లాగితే బోర్డు మీద 2.4 వాట్ల వేడి. అదే సర్వో, అదే ఆంపియర్, 3ఎస్ మీద 12.6 లోంచి 6 తీసేస్తే 6.6 వాట్లు. గోరంత చిప్పు అంత వేడి ఎలా తట్టుకుంటుంది? ఈ లెక్క వ్యాసంలో అంకెలతో సహా వేసి చూపించు. ఆ వెంటనే పరీక్ష చెప్పు: సర్వో ప్లగ్గు పీకేసి నడిపించమను. జబ్బు పోతే దోషం దొరికినట్టే. పెద్ద సర్వో ఉంచుకోవాలనుకుంటే విడిగా స్విచింగ్ బీఈసీ (మిగులును వేడిగా తగలేయని రకం) పెట్టుకుని, ఈఎస్‌సీ నుంచి రిసీవరుకు వెళ్లే మూడు తీగల్లో ఎర్రదాన్ని పిన్నుతో సహా బయటికి లాగి టేపు చుట్టమను. ఈ ఎర్ర తీగ మాట మరిచిపోయావో, రెండు బీఈసీలు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి.

'320 ఆంపియర్ల శక్తిమంతమైన ఈఎస్‌సీ' అని రాశావు, స్టిక్కరు మీది అంకెను యథాతథంగా ఎత్తేసి. 7.4ను 320తో గుణించి చూడు, 2,368 వాట్లు. రెండు ఇస్త్రీపెట్టెల కరెంటు ఆ సన్నటి తీగల గుండా పోతుందని నమ్ముతావా? హాబీవింగ్ వాళ్ల క్విక్‌రన్ 1060 మీద 60 ఆంపియర్లనే ఉంటుంది, 540 సైజు మోటారైతే లోపలి తీగ చుట్లు 2ఎస్‌కు 12కు, 3ఎస్‌కు 18కి తక్కువున్నది వాడొద్దని కూడా చెబుతారు. పాఠకుడికి పనికొచ్చే అంకెలంటే అవీ. అలాగని 'చైనా సరుకు ఇంతే' లాంటి మాట ఎక్కడా రానీయకు. డబ్బు పెట్టి కొనుక్కున్నవాణ్ని వెక్కిరిస్తే నీ మాట వాడెందుకు వింటాడు?

ఖర్చు లేని పరీక్షలు ముందు, పనిముట్లు కావాల్సినవి తర్వాత రావాలి. ముందు రిమోటు, తర్వాత కారు ఆన్ చేశాడా, ట్రిమ్ (రిమోటు మీది సవరింపు మీట) సున్నా మీద ఉందా, జంపరు (బ్యాటరీ రకం ఎంచుకునే, ఈఎస్‌సీ మీది చిన్న క్లిప్పు) ఏ బ్యాటరీ వైపు ఉంది. లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) పెట్టి జంపరును నికెల్ బ్యాటరీ వైపు వదిలేస్తే కట్‌ఆఫ్ (ఛార్జి తగ్గగానే మోటారును ఆపేసే రక్షణ) వేళకు రాదు, సెల్లు 3 వోల్టుల కిందికి జారి ప్యాకు ఉబ్బుతుంది. రివర్సు పోయిందనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందే అక్కర్లేదు. మొదటిసారి వెనక్కి నొక్కితే బ్రేకు, వదిలి మళ్లీ నొక్కితే రివర్సు.

బ్యాటరీ తగిలించగానే, రిమోటు ముట్టకుండానే కారు దూసుకుపోతే మాత్రం ఎక్కువ రాయకు. ఎఫ్‌ఈటీ (మోటారుకు కరెంటు వదిలే స్విచ్చులాంటి చిప్పు) షార్టయింది. మోటారు విప్పి, బ్యాటరీ తీసి, ఒక్కో మోటారు తీగకూ బ్యాటరీ తీగలకూ మధ్య మీటరు పెట్టమను. సున్నా ఓమ్ చూపిస్తే కొత్తది కొనుక్కోమని చెప్పెయ్. ఆ ధరకు ఎఫ్‌ఈటీ మార్చుకోవడం సరదాకు తప్ప లాభానికి కాదు. ఏ పరీక్షయినా చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి పెట్టి చేయాలన్నది వ్యాసం చివర కాకుండా పైన రాయి. చివరిదాకా చదివేవాళ్లు తక్కువ.

మోటారు మీద కెపాసిటర్ల (విద్యుత్ రొదను అణిచే భాగాలు) పేరా బాగా కుదిరింది, ముట్టుకోకు. 0.1 మైక్రోఫారడ్ అని విలువ ఇవ్వడం మంచి పని.

సవరించిన ప్రతిలో 3ఎస్ మీద నువ్వు స్వయంగా కొలిచిన బీఈసీ వోల్టేజీ కూడా పెట్టి పంపు. మూడో ఫొటో తీసెయ్యి, అందులో బ్యాటరీ ప్లస్, మైనస్ తీగలు తారుమారై ఉన్నాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య