రోల్స్ రాళ్లలా వచ్చాయి అక్కా!

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. హోటల్లో సూప్‌తో ఇచ్చే మెత్తటి డిన్నర్ రోల్స్, అదే చిన్న బన్నులు, పిల్లలకి చేద్దామని, చలికి త్వరగా పొంగుతుందని పొగలు కక్కే పాలల్లో ఈస్ట్ వేశాను, పిండి చేతికంటుతోందని ఇంకో గుప్పెడు మైదా కూడా కలిపేశాను. అస్సలు పొంగలేదు. ఏం తప్పు చేశాను?

జవాబు: చెల్లీ, పొగలొచ్చే పాలల్లో ఈస్ట్ చచ్చిపోయుంటుంది. 60 డిగ్రీలు దాటితే బతకదు, వేలు పెడితే గోరువెచ్చగా ఉండాలంతే. ఇంక ఆ గుప్పెడు మైదా ఉంది చూశావూ, రోల్స్‌ని గట్టి చేసేది అదే! అంటుకోనీ, పది పన్నెండు నిమిషాలు ఓపిగ్గా పిసికితే దానంతటదే దారికొస్తుంది, సాగదీస్తే పల్చటి పొరలా చిరగకుండా సాగాలి.

300 గ్రాముల మైదాకి 200 మి.లీ. పాలు, చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్, రెండు పెద్ద చెంచాల పంచదార, ముప్పావు చెంచా ఉప్పు, 40 గ్రాముల బటర్. ముందు ఇందులోంచే 20 గ్రాముల మైదా, 100 మి.లీ. పాలు తీసి గంజిలా ఉడికించి చల్లార్చి కలుపు, ఉడికిన పిండి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి మర్నాడూ మెత్తగానే ఉంటాయి. నాకైతే అసలు కిటుకు ఇదే.

చలిగా ఉంటే, పిసికిన పిండిని ఆపేసి ఉన్న ఓవెన్లో వేణ్ణీళ్ల గిన్నె పక్కన పెట్టు, గడియారం చూడకు, రెట్టింపయ్యిందా లేదా అదే చూడు. ఉండలు చేశాక మళ్లీ పొంగనిచ్చి 180 డిగ్రీల్లో 20 నిమిషాలు, తియ్యగానే బటర్ రాసి బట్ట కప్పెయ్. మీ ఒడిశా వైపు పప్పూ కూరగాయలూ కలిపి దాల్మా చేస్తారుగా, అందులో ముంచి తిని చూడు, సూప్ ఎందుకూ!