గట్టు ఉబ్బిన చోట

ప్రశ్న: డాక్టరు గారూ, పోయిన నెల మా అమ్మ కొబ్బరి కోరుతూ ఉన్నట్టుండి "తల పగిలిపోతోంది" అని చేతిలో చిప్ప వదిలేసింది. వాంతులయ్యాయి. పైత్యమనుకుని అల్లం రసం పట్టించాం. సాయంత్రానికి స్పృహ తప్పింది. మెదడులో రక్తనాళం ఉబ్బి పగిలిందని క్లిప్పు వేశారు, కోలుకుంటోంది. మూడేళ్ల కిందట అన్నయ్య ఇదే జబ్బుతో పోయాడు. నాకూ వస్తుందా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: అమ్మా, మీది కాలువగట్ల ఊరు కనుక అలాగే చెబుతాను. గట్టు మెత్తబడిన చోట నీటి ఒత్తిడికి ఉబ్బుతుంది. చాలాచోట్ల ఏళ్ల తరబడి అలాగే నిలుస్తుంది, ఎక్కడో గండి పడుతుంది. ఇదీ అంతే. సుమారు 100 మందిలో ముగ్గురికి ఈ ఉబ్బు ఉంటుంది, ఎక్కువమందిలో ఎప్పటికీ పగలదు. కానీ కన్నతల్లికీ తోడబుట్టినవాడికీ వచ్చింది కాబట్టి మీరు న్యూరాలజిస్టును కలిసి ఎం.ఆర్. యాంజియోగ్రామ్ (మెదడులోని రక్తనాళాలను చూపే స్కాన్) చేయించుకోండి. బీపీ చూపించుకోండి. చుట్ట అలవాటుంటే (అడగక తప్పదు, మా నాయనమ్మా కాల్చేది) ఈరోజే మానండి.

అల్లం రసానికి మిమ్మల్ని తప్పుపట్టను. అయితే క్షణాల్లో భరించలేనంతగా పెరిగే, మునుపెన్నడూ ఎరగని తలనొప్పి పైత్యం కాదు. వెంటనే 108కు ఫోను చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ఈలోగా ఆస్పిరిన్ మాత్ర మాత్రం మింగించవద్దు, రక్తస్రావం పెరగవచ్చు.